ఈసీఎం గారికి ఉద్వాసన

శ్రీకాకుళం జిల్లాలో ఒక్క బదిలీ కూడా లేకుండా పాతికేళ్లు ఏలిన అధికారి ఎవరయ్యా అంటే ఈసీఎం గారు. పూర్తి పేరు ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్. చదువుకున్నవాళ్లు ఈసీయూ అని కూడా అంటారు. షెడ్డులో మాత్రం ‘పెట్టె’. అరచెయ్యంత అల్యూమినియం డబ్బా, దానికో వైర్ల గుత్తి, డ్యాష్‌బోర్డు కింద ఆఫీసు. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిసినప్పుడు పెట్రోలు కార్లలో ఆయనకి పోస్టింగు ఇచ్చారు. అప్పటిదాకా ఆ పనంతా చేసుకొచ్చిన కార్బొరేటర్‌నీ, స్పార్కు పంచే డెల్కోనీ పింఛను కూడా లేకుండా ఇంటికి పంపేశారు.

ఇప్పుడు కథ తిరగబడింది. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇటు వస్తే రాజాం, చీపురుపల్లి. పాత మారుతి 800లూ ఓమ్నీలూ చేరే షెడ్డు ఏదైనా సరే, బానెట్ ఎత్తిన కాసేపటికి మేస్త్రి నోట ఒక ప్రశ్న వస్తుంది. “పెట్టె పీకీమంతారా బాబూ?” అడిగేటప్పుడు ఆయన కళ్లలో చిన్న మెరుపు. ఇరవై ఏళ్ల పగ అది.

పగ ఎందుకో చెప్పాలి. పూర్వం బండి ఆగితే మేస్త్రి మూడే చూసేవాడు. పెట్రోలు వస్తోందా, స్పార్కు పడుతోందా, గాలి వెళ్తోందా. మూడూ సరిగ్గా ఉంటే ఇంజను మండక ఎక్కడికి పోతుంది? ఈసీఎం గారు కొలువుదీరాక నాలుగో ప్రశ్న చేరింది: పెట్టె ఒప్పుకుంటోందా? క్రాంకు ఏ స్థానంలో తిరుగుతోందో చెప్పే సెన్సారు నుంచి కబురు రాకపోతే ఆయన ఇంజెక్టర్ల ఫైలు మీద సంతకం పెట్టరు. కాయిల్ ఫైలు అసలు తెరవరు. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, బ్యాటరీ నిన్ననే మార్చారు, అయినా మండదు. ఆయన ‘పీ 0335’ అని ఒక మెమో రాసుకుని, మన ముఖాన ఒక పసుపు దీపం వెలిగించి, తలుపేసుకుంటారు.

ఆ మెమో చదవాలంటే స్కానరు కావాలి. ఫోనుకి కలుపుకునే బుల్లి స్కానర్లు చవగ్గా దొరుకుతున్నాయి కదా అంటారేమో. దొరుకుతాయి, కొత్త బళ్లకి. అన్ని కంపెనీల పెట్టెలూ ఒకే పద్ధతిలో తమ జబ్బు చెప్పుకోవాలన్న నియమం మన దేశంలో 2010 తర్వాత, బీఎస్-4 పొగ నిబంధనలతో పాటు మెల్లమెల్లగా వచ్చింది. అంతకు ముందు పుట్టిన పెట్టెలకి ఎవరి రహస్య లిపి వారిదే. ఆ లిపి చదివే యంత్రం విశాఖపట్నంలో ఉంటుంది, బండి ఇచ్ఛాపురంలో ఉంటుంది, మధ్యలో 200 కిలోమీటర్లకి పైగా జాతీయ రహదారి ఉంటుంది. తాడు కట్టి లాక్కెళ్లడానికి అయ్యే ఖర్చుతో ఇంకో పాత బండికి అడ్వాన్సు ఇచ్చుకోవచ్చు.

పోనీ, లాక్కెళ్లారనుకుందాం. అక్కడ కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి, తెర మీద ఏముందో చదివి, ‘ఈసీఎం మార్చాలి సార్’ అంటాడు. నిజంగా చచ్చింది ఈసీఎమ్మా, సెన్సారా, లేక మధ్యలో ఒక వైరా? మన తీరం 193 కిలోమీటర్లు. కళింగపట్నం, భావనపాడు, బారువ ఉప్పుగాలి పెట్టె లోపలికి పోలేకపోవచ్చు, కనెక్టరు దాకా మాత్రం నిక్షేపంగా వస్తుంది. పిన్ను మీద ఆకుపచ్చని చిలుము పట్టిందంటే అక్కడితో కబురు ఆగిపోయినట్టే. దాన్ని కాస్త గీకి, కాస్త స్ప్రే కొట్టి, మళ్లీ నొక్కితే లేచి కూర్చునే పెట్టెలు ఎన్నో. కానీ గీకడానికి బిల్లు వెయ్యడం కష్టం. మార్చడానికి వెయ్యడం తేలిక. అందులోనూ మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఆగిపోయిన బండికి కొత్త పెట్టె దొరకడమే ఒక ఘనకార్యం, దొరికితే దాని ధర ముందు బండి ధర తల దించుకుంటుంది.

ఉద్దానంలో కవిటి నుంచో కంచిలి నుంచో కిడ్నీ రోగిని వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి తిప్పే ఓమ్నీ ఒకటి ఊహించుకోండి. దాని డ్రైవరుకి పీ 0335 అర్థం అక్కర్లేదు. ఎల్లుండి పొద్దున్న బండి కదులుతుందా లేదా, అంతే. ‘ఆర్డరు పెట్టాం, వస్తే ఫోన్ చేస్తాం’ అనే కౌంటరు ఒకవైపు. ‘రేపు సాయంత్రానికి నడిపించీస్తాను’ అనే మేస్త్రి ఇంకోవైపు. ఎటు వెళ్తాడో చెప్పడానికి కమిషన్ వెయ్యక్కర్లేదు.

మేస్త్రి వాదన కూడా వినండి. “ఇంజనుకేటీ అవలేదు బాబూ. పిస్టన్లు బాగున్నాయి, కంప్రెసన్ బాగుంది. ఆ పెట్టొక్కటే సచ్చిపోనాది. పెట్టె సస్తే ఇంజను కూడా సచ్చినట్టే నెక్కంతారు కంపినీవోళ్లు. ఆధార్ కార్డు పోనాదని మడిసిని బతికుండగానే శ్మశానానికి తోలీమంతే ఎలగ?”

సమాధానం చెప్పగలిగినవాళ్లు చెప్పండి. నాకు తోచలేదు.

అయితే పీకడం అంటే స్క్రూడ్రైవర్ పెట్టి లాగెయ్యడం అనుకోకండి. మంచి చేతి కింద ఆ పని చూడాలి. మారుతి 800 ఇంజను, 796 సీసీ, మూడు సిలిండర్లు, 1983 డిసెంబరులో మొదటి బండి బయటికొచ్చిన నాటి నుంచీ కార్బొరేటర్‌తో పెరిగింది. పెట్టె మధ్యలో వచ్చి చేరింది. అందుకని పన్నెండు వాల్వుల రకం కానంతవరకూ పాత సామాను దానికి అతుకుతుంది. విశాఖ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లు వెతికి మానిఫోల్డు, కార్బొరేటర్, డెల్కో, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ ఒకే బండివి తెచ్చుకుంటే మేలు. మూడు బళ్ల సామాను కలిపితే మూడు మనసులతో నడుస్తుంది.

ఇంజెక్టర్లున్న మానిఫోల్డు విప్పి, దాని చోట పాతది బిగించి, నెత్తిన కార్బొరేటర్ కూర్చోబెడతారు. క్యామ్‌షాఫ్టు కొసన డెల్కో. దాని కడుపులో రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఇంజను వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుంటాయి, స్పార్కు ముందుకి జరుగుతుంది. పక్కన ఒక పలచటి డయాఫ్రమ్, మానిఫోల్డులో గాలి పీల్పు ఎంతుందో చూసి ఇంకాస్త సర్దుతుంది. ఈసీఎం గారు క్షణక్షణానికీ పెద్ద పట్టిక తిరగేసి ఇచ్చే జవాబుని ఆ రెండు బరువులూ ఏ పట్టికా లేకుండా ఇస్తాయి. కొంచెం తప్పుగా ఇస్తాయి. కానీ ఉప్పుగాలిలోనూ ఇస్తాయి, వరదలో తడిసి ఆరాకా ఇస్తాయి, విశాఖకి రాకుండానే ఇస్తాయి.

టైమింగు పెట్టడం అసలు సంగతి. లైటు వెలిగించి పుల్లీ మీద గుర్తు చూసి పెట్టేవాడు ఒకడు. చెవి పెట్టి, డెల్కోని వెంట్రుకవాసి తిప్పుతూ, ‘ఆఁ, ఇప్పుడు’ అని బోల్టు బిగించేవాడు ఇంకొకడు. రెండోవాడి కూలి ఎక్కువ. ఉండాలి కూడా.

పెట్రోలు పంపు దగ్గరే ప్రాణాల మీదికి వస్తుంది. ఇంజెక్టర్ల బండి ట్యాంకులో ఉండే ఎలక్ట్రిక్ పంపు సుమారు మూడు బార్ల ఒత్తిడితో తోస్తుంది. కార్బొరేటర్‌కి అందులో పదో వంతు చాలు. ఆ పంపుని అలాగే ఉంచి గొట్టం కార్బొరేటర్‌కి తగిలించేసే మహానుభావులు ఉన్నారు. ఫ్లోటు సూది ఆ తోపుకి ఆగదు. పెట్రోలు పొంగి వేడి ఎగ్జాస్టు మీద కారుతుంది. ఆ తర్వాత పిలవాల్సింది ఫైరింజనుని. ‘పెట్టె లేకుండా నడిపించాను’ అని గొప్పలు పోయే ప్రతి మేస్త్రినీ ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: పంపు మార్చావా నాయనా?

ఇంకో తమాషా. ఈసీఎం గారికి తనవి కాని శాఖలు కూడా నెత్తిన వేసుకునే అలవాటు. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగాలో ఆయనే చెబుతారు. ఏసీ వేస్తే ఇంజను ఆగిపోకుండా స్లో పెంచేదీ ఆయనే. చలికాలం తెల్లారుజామున చోక్ లాగే శ్రమ తప్పించిందీ ఆయనే. ఉన్నన్నాళ్లూ ఇవేవీ చేస్తున్నట్టు చెప్పుకోలేదు, ఆ విషయంలో మన ప్రజాప్రతినిధులకంటే ఎంతో నయం. ఆయన్ని సాగనంపాక, మే నెల మిట్టమధ్యాహ్నం, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో, ముందు ఒక ఆర్టీసీ బస్సు, వెనక ఒక కొబ్బరి లోడు లారీ ఉండగా, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తుంది. ఫ్యానుకి చెప్పేవాడు లేడని అప్పుడు తెలుస్తుంది. తెలివైన మేస్త్రి రేడియేటర్‌కి థర్మో స్విచ్ వేస్తాడు. తక్కినవాళ్లు ఇంట్లో లైటుకి వేసే స్విచ్చొకటి డ్యాష్‌బోర్డుకి బిగించి ‘ఏడి ముల్లు పైకెల్తే ఎయ్యండి బాబూ’ అని చేతులు దులుపుకుంటారు. హెడ్ గ్యాస్కెట్ పోయిన రోజున ముల్లు చూడని పాపం మనదే అవుతుంది.

ఇక షెడ్డు బయట బెంచీ మీద జరిగే విజయోత్సవం. పెట్టె పీకించుకున్న ఓనరు టీ తాగుతూ చెబుతాడు: పికప్ పెరిగింది, మైలేజీ పెరిగింది, సౌండు చూశారా! వెనక పొగగొట్టం దగ్గర నిలబడ్డవాడు దగ్గుతూ వింటాడు. ఈ వీరులకి ఎవరూ చెప్పని ముక్క ఒకటి ఉంది. పెట్టెని తెచ్చింది మనని సతాయించడానికి కాదు. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఆ నిష్పత్తికి చుట్టుపక్కల ఉంటేనే పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ విషవాయువులని విరిచెయ్యగలదు. ఆక్సిజన్ సెన్సారు పొగని వాసన చూసి చెబుతుంటే పెట్టె క్షణక్షణం సర్దుతూ ఉంటుంది. కార్బొరేటర్‌కి ఆ ముక్కు లేదు. ఎండకి ఒకలా, ముసురుకి ఒకలా, జెట్టులో నలక పడితే మరోలా పోస్తుంది. ఎక్కువ పోసిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని మాడ్చేస్తుంది. మాడినదాన్ని మేస్త్రి తీసేసి ఉత్త గొట్టం పెడతాడు. అంటే బండి నడుస్తోంది, నిజమే. వెనకాల వాళ్ల ఊపిరితిత్తుల ఖర్చు మీద నడుస్తోంది. మైలేజీ పెరిగిందన్న మాటకి వస్తే, పెట్టె చచ్చి మూలపడ్డ నెలతో పోలిస్తే పెరిగే ఉంటుంది.

కాబట్టి పెట్టె దేవుడనీ అనను, దెయ్యమనీ అనను. ఒకే డబ్బాలో రెండు ఉద్యోగాలు ఇరికించారు. ఒకటి పెట్రోలు కొలిచి పొగ తగ్గించే ఉద్యోగం. రెండోది తాళం వేసి, చెవి కంపెనీ జేబులో పెట్టే ఉద్యోగం. మొదటిదాన్ని ఎవరూ కాదనలేదు. రెండోదాన్ని ఎవరూ అడగలేదు. తాళం తియ్యనివ్వకపోతే మేస్త్రి ఏం చేస్తాడు? తలుపు మొత్తం పీకుతాడు. తాళంతో పాటు పొగ లెక్క కూడా పోతుంది. ఆ నల్లటి పొగలో సగం వాటా తాళం వేసినవాడిది.

పొగ అంటే గుర్తొచ్చింది. మన ఊపిరితిత్తుల మీద ప్రభుత్వానికి ఉన్న నమ్మకం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. 2010 ఏప్రిల్ నుంచి దేశంలో పదమూడు పెద్ద నగరాలకి బీఎస్-4 అన్నారు. ఆ పదమూడులో హైదరాబాద్ ఉంది. అక్కడ మారుతి 800 అమ్మకం ఆగిపోయింది, ఎందుకంటే అది బీఎస్-4కి తూగదు. శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో అదే రాష్ట్రం, అదే ముఖ్యమంత్రి, అదే గెజిట్. కానీ మనకి బీఎస్-3 చాలన్నారు. హైదరాబాదులో ఊపిరికి పనికిరాని బండి పాలకొండలో షోరూమ్ నుంచి కొత్త నెంబరు ప్లేటుతో బయటికొచ్చింది. దేశమంతటికీ బీఎస్-4 రావడానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ మన ముక్కులు వేరే జాతి ముక్కులని కేంద్రం నమ్మింది. ఇప్పుడు అదే బండికి పెట్టె పీకితే మాత్రం, అయ్యో గాలి పాడైపోతోందని ఉలిక్కిపడుతోంది. గాలి మీద ఇంత ప్రేమ అప్పుడే ఉంటే బాగుండేది.

ప్రేమ చట్టంలో కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చెప్పిన రూపానికి విరుద్ధంగా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటని ఇంకా గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి సవరణ చేసి 182ఏ సెక్షను చేర్చారు: అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. గ్యాస్ కిట్టు పెట్టుకోవాలంటే ఆమోదించిన కిట్టు ఉంది, దారి ఉంది. చచ్చిన పెట్టెని బతికించుకోవడానికి దారి ఏదని ఆ సెక్షను తిరగేసి చూడండి. కంపెనీ ఇన్నేళ్లు పెట్టె సరఫరా చెయ్యాలని ఓనరుకి హామీ ఇచ్చే వాక్యం అందులో కనబడదు. ఓనరు బాధ్యతలు నిండుగా ఉన్నాయి.

పొల్యూషన్ సర్టిఫికెట్ మాట అడుగుతారా? బీఎస్-2కి ముందు నిబంధనల పెట్రోలు కారు స్లోలో వదిలే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఉండొచ్చు. బీఎస్-2, బీఎస్-3 కారుకి అర శాతమే. అంటే పెట్టె పీకిన బండి ఆరు రెట్లు మెలితిరిగితే గాని పాసవ్వదు. మేస్త్రి దగ్గర దానికీ మందుంది. టెస్టుకి ముందు మిక్చర్ స్క్రూ పావు తిప్పు లోపలికి. కాగితం చేతికొచ్చాక పావు తిప్పు బయటికి. ఈ రెండు పావులకీ మధ్య మన బండి స్వచ్ఛమైన భారతీయ వాహనం. పొగగొట్టంలో గొట్టమే పెట్టకుండా కాగితం ఇచ్చే ఉదారులు తారసపడితే ఆ స్క్రూ శ్రమ కూడా తప్పుతుంది.

మేస్త్రి స్క్రూ తిప్పి పరీక్షని బోల్తా కొట్టించాడని పళ్లు నూరే పెద్దమనుషులకి జర్మనీ నుంచి ఒక కథ. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కి నోటీసు ఇచ్చింది. ఆ కంపెనీ డీజిల్ కార్లలో సాక్షాత్తూ ఈసీఎం గారే దొంగ. బండి పరీక్ష గదిలో ఉందో రోడ్డు మీద ఉందో కనిపెట్టి, పరీక్షలో బుద్ధిమంతుడిలా ఉండి, రోడ్డెక్కాక అనుమతించినదానికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేలా ఆయనకి ట్రైనింగ్ ఇచ్చారు. ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల బళ్లు. మన దేశంలో 3 లక్షలకి పైగా వెనక్కి పిలిచారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్లు కట్టమంది. ఆ తర్వాత సుప్రీంకోర్టు కంపెనీ మీద బలవంతపు చర్యలు వద్దంది. ఇటువైపు పలాసలో ఓమ్నీ ఓనరుకి ఆరు నెలలు. స్క్రూ పావు తిప్పు తిప్పినవాడిది మోసం, కోటి పెట్టెల చేత అబద్ధం ఆడించినవాడిది టెక్నాలజీ.

తాళం సంగతి ఢిల్లీకి తెలియదని కూడా అనుకోకండి. తెలుసు, ఎప్పుడో తెలుసు. షంషేర్ కటారియా అనే ఆయన ఫిర్యాదు మీద కాంపిటిషన్ కమిషన్ విచారణ చేసి, 2014 ఆగస్టు 25న తీర్పు చెప్పింది. స్పేరు పార్టులూ, జబ్బు కనిపెట్టే యంత్రాలూ బయటి మెకానిక్కులకి అందకుండా చేశారని 14 కార్ల కంపెనీలకి జరిమానా, మొత్తం 2,544 కోట్ల రూపాయల పైచిలుకు. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టయోటా, అందరూ ఉన్నారు. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ కూడా ఉంది. అంబాసిడర్ ఉత్పత్తి ఆ ఏడాది మే నెలలోనే ఆగిపోయింది, ఆగస్టులో దాని స్పేరు పార్టులు జనానికి అందించమని ఆదేశం వచ్చింది. న్యాయానికి మన ఓమ్నీ మేస్త్రి చేత ఒకసారి టైమింగు పెట్టించాలి.

తర్వాత ఏమైందంటే, అప్పీళ్లయ్యాయి. 2016లో అప్పీలు ట్రిబ్యునల్ టయోటా, ఫోర్డ్, నిస్సాన్ల తప్పు తప్పేనంటూ జరిమానా మాత్రం కోసేసింది. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలకీ ఒక గది కేటాయించింది. టెక్కలి షెడ్డులో ఎవరినైనా అడగండి ఆ పోర్టల్ గురించి. ‘ఏటది, కొత్త సెన్సారా?’ అంటారు.

డీజిల్ బళ్ల జోలికి ఎక్కువ పోను, అక్కడ కథ ఇంకా విషాదం. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటివి మెకానికల్ పంపుతో పెట్టె ఊసే లేకుండా నడిచాయి. కామన్ రైలు వచ్చాక నాజిల్ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి, ఆ కరెంటు పెట్టె ఇవ్వాలి. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడి. పెట్టె పీకితే ఇంజను ఇనప సామాను కొట్టుకే. అక్కడ మేస్త్రి పగ తీర్చుకోవడానికి సందు లేదు.

బీఎస్-6 లారీలకైతే 2020 ఏప్రిల్ నుంచి ఇంకో వైభోగం. వాటిలో చాలావాటికి యూరియా నీళ్లు పొయ్యాలి. 32.5 శాతం యూరియా, శుద్ధమైనది, డీఈఎఫ్ అంటారు. ట్యాంకు ఖాళీ అయితే పెట్టె ఇంజను బలం కోసేస్తుంది, ఇంకా పొయ్యకపోతే నత్తనడక నడిపిస్తుంది. ఖరీఫ్‌లో యూరియా కోసం పాస్‌బుక్కు చేత్తో పట్టుకుని రైతు క్యూలో నిలబడతాడు. ఆ పక్క నుంచే లారీ యూరియా తాగి వెళ్తుంది. లారీకి దొరక్కపోతే బలం తగ్గించే పెట్టె ఉంది. రైతుకి దొరక్కపోతే ఎవరి బలం తగ్గించే ఏర్పాటూ లేదు.

ఇదంతా విని పాత బండి ఓనర్లు నన్ను ఏం చెయ్యమంటావని అడుగుతారు. మీ మేస్త్రితో చెప్పాల్సిన మాట చెబుతాను. మేస్త్రీ, ముందు కనెక్టరు గీకి చూడు. పెట్టె పీకే ముందు సెన్సారు మార్చి చూడు. అవన్నీ అయ్యాక కూడా పీకాలంటే పంపు మార్చు, ఫ్యానుకి థర్మో స్విచ్ వెయ్యి. కంపెనీవారూ, అమ్మడం మానేసిన బండి పెట్టె భాష ఒక కాగితం మీద రాసి బయట పెట్టండి. మీకు దాంతో వచ్చే లాభం ఇక ఏదీ లేదు, ఆఖరికి దొంగ కూడా ఖాళీ ఇంటికి తాళం వెయ్యడు. వేస్తామంటే మీ ఇష్టం, పీకడానికి మా మేస్త్రి సిద్ధం.

రవాణా శాఖవారికి మాత్రం ఒక సందేహ నివృత్తి కోసం ఈ అర్జీ. 182ఏ ప్రకారం జరిమానా ఒక్కో మార్పుకి 5,000 కదా. ఓమ్నీలో పెట్టె తీసేశాం, అది ఒకటి. కార్బొరేటర్ పెట్టాం, రెండు. డెల్కో మూడు, పంపు నాలుగు. ఫ్యానుకి వేసిన లైటు స్విచ్చుని అయిదోది కింద రాస్తారా, లేక ఇంటి సామాను కాబట్టి వదిలేస్తారా? పసుపు దీపం బల్బు కూడా పీకాం. దానికి విడిగా 5,000 కట్టాలా, పెట్టె ఖాతాలోనే కలిపేస్తారా? బండి ధర 25,000 దాటడం లేదు కాబట్టి లెక్క ముందుగా తెలిస్తే, జరిమానా కట్టాలో బండే అప్పజెప్పెయ్యాలో ఓనరు ఇంట్లో మాట్లాడుకుని వస్తాడు.